పాటిదిబ్బలో మూడు కుండలు

అనగనగా, మరీ రాజుల కాలంలో కాదులే, మొన్నమొన్ననే, వెంపలపాడని ఒక ఊళ్ళో సాలమ్మ అనే కుమ్మరామె ఉండేది. కాళ్ళు చాపుకుని పడుకో బంగారూ, దుప్పటి నమలకు.

ఆ ఊరి పక్కన ఒక వాగు, వాగొడ్డున ఒక పాటిదిబ్బ. పాటిదిబ్బంటే ఎప్పుడో జనం బతికి వెళ్ళిపోయిన చోటు. వాళ్ళ పొయ్యిల బూడిదా, పెంకులూ, పేడా కలిసి అక్కడి మన్ను నల్లగా, మంచి సారంగా ఉంటుంది. తాతముత్తాతల ఊరని తెలియక జనం దాన్ని తవ్వి తవ్వి మిరపచేలకి తోలేసుకున్నారు. సాలమ్మకీ ఒక మిరపమడి ఉండేది.

ఒకనాడు సాలమ్మా, ఆమె మొగుడు బక్కయ్యా మన్ను తవ్వుతుంటే గడ్డపారకి ఠంగుమని ఏదో తగిలింది. చూస్తే మూడు కుండలు, పక్కపక్కనే. బయట ఎరుపు, లోపల నలుపు. పుట్టిందగ్గర్నుంచి మట్టి పిసికిన చెయ్యి కదా, తమ ఆవంలో కాలిన కుండలు కావని సాలమ్మ పట్టేసింది. అందులో పెద్దకుండ మూతి కింద, చేసినవాళ్ళ బొటనవేలి గుర్తు పడి ఉంది. సాలమ్మ తన వేలు అందులో పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది.

“ఎవరమ్మా నువ్వు?” అంది మెల్లగా. ఆ ప్రశ్న ఇక ఆమెని వదల్లేదు.

బక్కయ్యకి మాత్రం లంకెబిందెలు కనిపించాయి. మొదటి కుండని గడ్డపారతో ఒక్కటేశాడు. లోపల ఏముంది? గుప్పెడు మాడిన గింజలు. ఉసూరుమంటూ వాటిని ఇంటికి తెచ్చి కోళ్ళకి విసిరాడు. కోళ్ళు కూడా తినలేదు, కాళ్ళతో చెదరగొట్టి పోయాయి.

అప్పుడు సాలమ్మ, గడ్డపార అందకుండా పెద్దకుండని ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది. లోపల బూడిద, కాలిన ఎముకలు, శంఖాన్ని కోసి చేసిన, మూడు గీతలున్న ఒక గాజు. ఆమె మనసు కరిగిపోయింది.

“అయ్యో, ఎవరి బిడ్డవో. ఇన్నేండ్లయినా నిన్ను నీళ్ళల్ల కలిపేటోళ్ళు లేకపాయె,” అంది.

పోయినవాళ్ళ బూడిద నీళ్ళలో కలపకపోతే వాళ్ళ దాహం తీరదంటారు మన పెద్దవాళ్ళు. అందుకని సాలమ్మ తలకి పోసుకుని, తడిచీరతో వాగులో దిగి, ఎముకల్ని, బూడిదని వదిలి, నువ్వులనీళ్ళు కూడా ఇచ్చింది. కుండని పీచుతో తళతళా తోమేసింది. గాజుని మాత్రం గూట్లో దాచింది. కన్నకూతురికి చేసినట్టే చేసింది, పిచ్చితల్లి.

మూడోది చిన్నకుండ. దాన్ని మర్నాడు కలుపుదామని మళ్ళీ మన్ను కప్పింది. అంతలో సంగతి విన్న ఊరి బడిపంతులు కబురు పెడితే, పాత చోట్లని పరిశీలించే వైదేహి అనే ఆఫీసరమ్మ పట్నం నుంచి వచ్చింది.

“ఈ పగిలిన కుండలో ఏముండేది?” అని అడిగింది వైదేహి.

“గింజలమ్మా. కోళ్ళకేసినం.”

“మరి ఈ కుండలో?”

“వాగుల కలిపినమ్మా. నువ్వులనీళ్ళు గూడ ఇచ్చిన.”

వైదేహి కోప్పడలేదు. దిబ్బమీద అలా కూర్చుండిపోయింది. “ఆ గింజలుంటే ఏ కాలంవాళ్ళో సరిగ్గా తెలిసేది సాలమ్మా. ఆ ఎముకలుంటే ఆ మనిషెవరో కొంతైనా తెలిసేది,” అంది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది సాలమ్మకి.

ఆ తర్వాత మూడు రోజులు చిన్న కుంచెతో మన్ను దులిపి దులిపి, వైదేహి చిన్నకుండని తెరిచింది. అందులో దోసెడు బూడిద, పుల్లల్లాంటి ఎముకలు, ఒక బుల్లి గాజు. సాలమ్మ పరుగున పోయి గూట్లో గాజు తెచ్చి పక్కన పెట్టింది. అవే మూడు గీతలు.

“తల్లీబిడ్డలేనా అమ్మా?”

“కావచ్చు. కుండల తీరు చూస్తే సుమారు రెండువేల ఏళ్ళ కిందటి మాట. పెద్దకుండలో ఎముకలుంటే చూసేవాళ్ళం. ఇప్పుడు చెప్పలేం.”

సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. “రెండువేల ఏండ్లు పక్కపక్కన పండుకున్నోళ్ళను నేను ఇడదీస్తి. ఈ చిన్నదాన్ని సుత తల్లికాడికి తోలియ్యనా అమ్మా?”

“వద్దు సాలమ్మా. మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే వాళ్ళు బతికిన సంగతే ఎవరికీ తెలియదు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే బంగారూ. అయినా సాలమ్మ పట్టుకుంది. దిబ్బ చుట్టూ రాళ్ళు పాతించింది. మన్నుకోసం ట్రాక్టరొస్తే దారికి అడ్డంగా కూర్చునేది. “ముందు అడుగుండ్రి, తర్వాత తవ్వుండ్రి. నా లెక్క చెయ్యకుండ్రి,” అనేది.

చిన్నకుండా, రెండు గాజులూ పట్నంలో మ్యూజియానికి వెళ్ళాయి. ఇప్పటికీ పొద్దున్నే వాగుకి నీళ్ళకెళ్ళినప్పుడు, సాలమ్మ బిందె ముంచేముందు వంగి నీళ్ళతో చెబుతుంది: “నీ బిడ్డ పైలంగున్నదమ్మా. అద్దాల పెట్టెల పెట్టిండ్రు. నీ గాజు గూడ పక్కనే ఉన్నది.” నీళ్ళు ఏమంటాయి, పారుతూనే ఉంటాయి. అయినా ఆమె రోజూ చెబుతుంది.

బూడిద పోయె వాగులోకి,
గాజులు పోయె పట్నంలోకి,
కథ పోయె కంచిలోకి,
నువ్వు రా నా ఒళ్ళోకి.