డిప్పయ్య నీడకు నడిచొచ్చిన నూనెచుక్క

అనగనగా ఒక అడవి. అక్కడ వానలు ఇంకా రాలేదు, ఎండలు ఇంకా పోలేదు. ఆ అడవిలో గింజమ్మ అనే చీమ ఉండేది. పుట్టలో ఆమె పిల్లలు నిన్నటి నుంచి పస్తు.

ఆ పూట ఎలుగుబంటి ఒకటి నున్నటి నల్లబండ మీద ఇప్పగింజలు కొరికి పోయింది. బండ నడుమ ఒక నూనెచుక్క మిగిలింది. దాన్ని చూడగానే గింజమ్మకు ప్రాణం లేచొచ్చింది. గబగబా బండెక్కింది. ఎండకు బండ కాలుతోంది, కాళ్లు చుర్రుమన్నాయి. పరుగెత్తి చూసింది, చుర్రు. గెంతుతూ చూసింది, మళ్లీ చుర్రు.

ఇంతలో డిప్పయ్య అనే ముసలి తాబేలు వాగుకు పోతూ, అలిసిపోయి బండ అంచున చతికిలబడ్డాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, గింజమ్మ ఆయన మీద విరుచుకుపడింది.

"దారికి అడ్డంగా కూర్చున్నావేం తాతా? లే అవతలికి" అంది.

"కాస్త ఊపిరి తీసుకోనీ తల్లీ, లేస్తాలే" అన్నాడు డిప్పయ్య.

గింజమ్మ సణుగుతూ ఆయన నీడలోనే నిలబడింది. చూస్తుండగా నూనెచుక్క కదిలింది. ఎవరూ తోయలేదు, గాలీ లేదు. కాలే బండను వదిలి, నీడకు చల్లబడిన వైపు మెల్లమెల్లగా జరుగుతోంది.

అది సగం దూరం వచ్చేసరికి డిప్పయ్య లేచాడు. "ఇదిగో, పోతున్నా" అన్నాడు. నీడ తప్పుకుంది. బండ మళ్లీ వేడెక్కింది. చుక్క ఆగిపోయింది.

గింజమ్మ పిలవబోయి ఆగింది. ఇందాక కసిరిన నోటితో ఎలా అడగడం? కానీ పిల్లలు గుర్తొచ్చారు. సిగ్గు పక్కన పెట్టింది.

"తప్పయింది తాతా. ఆ చుక్క నీ నీడ చల్లదనానికే వస్తోంది. ఇంకాసేపు కూర్చుంటావా? నా పిల్లలు ఆకలితో ఉన్నారు" అంది.

డిప్పయ్య నాలుక పిడచకట్టుకుపోతోంది. వాగు ఇంకా దూరం.

"పిల్లల ఆకలి ముందు నా దాహం ఎంతలే" అంటూ తిరిగొచ్చి కూర్చున్నాడు. వీపు పెనంలా కాలుతున్నా లేవలేదు. చుక్క జరిగి జరిగి గింజమ్మ కాళ్ల దగ్గరికి వచ్చింది.

గింజమ్మ దాన్ని పుట్టకు చేరవేసింది, పిల్లల కడుపులు నిండాయి. గింజమ్మకు కళ్లు చెమర్చాయి. ఇంత మేలుకు తాతకేం ఇవ్వగలదు? పుట్టలోని చీమలన్నింటినీ పిలిచింది. అన్నీ కలిసి ఒక మోదుగాకు మోసుకొచ్చి, డిప్ప మీదికెక్కి, ఆయన తలకు ఎండ తగలకుండా పట్టుకున్నాయి. వాగు దాకా అలాగే పట్టుకున్నాయి.

"ఈ కాస్త నీడ సరిపోతోందా తాతా?" అని అడిగింది గింజమ్మ.

డిప్పయ్య తల పైకెత్తి ఆకును చూశాడు. "ఇన్నేళ్లు ఎండలోనే నడిచాను తల్లీ. నాకంటూ ఒకరు నీడ పట్టడం ఇదే మొదలు" అన్నాడు.

నీతి: అడ్డమని కసురుకున్నవారి నీడే మనకు అన్నం పెట్టవచ్చు. మేలు పొందినవారు, చేతనైనంతలో తామూ నీడ పట్టాలి.