రెండు కోవా డబ్బాలు

మర్నాడు హిమజ మొదటిసారి ఒంటరిగా విమానం నడుపుకుంటూ వేరే ఊరు వెళ్లి రావాలి. ఆమె దారి గీసి తెచ్చిన మ్యాపు మీద గురువు కెప్టెన్ దైవసహాయం సంతకం పెట్టలేదు.

నిబంధన ఆమెకు తెలియంది కాదు. ఒకే ఇంజిన్ ఉన్న విమానం నగరం మీదుగా పోవాలంటే, ఇంజిన్ ఆగినా గాలిలో జారుకుంటూ ఊరు దాటి దిగగలిగేంత ఎత్తులో ఉండాలి. మర్నాడు మబ్బులు కిందికే ఉంటాయని వాతావరణ సూచన, అంత ఎత్తు కుదరదు. అంటే చుట్టూ తిరిగి పోవాలి. హిమజ మాత్రం నగరం నడినెత్తిన తిన్నగా గీత గీసింది.

"చుట్టుదారికి పద్నాలుగు నిమిషాలు ఎక్కువ సార్. నగరం మీద ఉండేది తొమ్మిదే. సరిగ్గా ఆ తొమ్మిదిలోనే ఇంజిన్ ఆగుతుందా? లెక్క వేశాను, ఆ అవకాశం దాదాపు సున్నా."

"లెక్కల్లో నీకు తిరుగులేదమ్మా." ఆయన రెండు కోవా డబ్బాలు బల్ల మీద పెట్టారు. "ఒకటి చుట్టుదారిలో వంకాయతోట ఎల్లవ్వకి ఇవ్వు. రెండోది నీ గీత కింద, ఇంజిన్ ఆగితే నువ్వు దిగే చోటి వాళ్లకి. స్కూటరుందిగా, పోయిరా."

ఎల్లవ్వ డబ్బా చూడగానే నవ్వింది. "సారు పంపిండా? పందొమ్మిదేండ్లాయె. ఇంజను ఆగి ఈ తోటలనే దిగిండు. మస్తు తిట్టిన. తోట మొత్తం పాయె మరి. ఆయనేమో మట్టి మీద కూసోని ఏడ్సిండు. అప్పటి సంది ఏడాదికోపారి డబ్బా వస్తది."

వెళ్లబోతుంటే వెనక్కి పిలిచింది. "నువ్వు గూడ ఇమానంల ఈ తోట మీదికెళ్లి పోతవా బిడ్డా? ఆపదొస్తే దిగు. తోటదేముంది, మళ్ల నాటుకుంట."

హిమజ గీత వెంబడే నగరంలోకి పోయింది. ఫ్లైఓవరు, కూరగాయల మార్కెట్టు, అపార్టుమెంట్లు. ఒకే ఒక్క ఖాళీ చోటు కనిపించింది. స్కూటరు ఆపి చూస్తే బడి ఆవరణ. పిల్లలు వరసగా కూర్చుని అన్నం తింటున్నారు. స్కూటరు వెనక్కి తిప్పింది.

సాయంత్రం రెండో డబ్బా తిరిగి బల్ల మీదికి వచ్చింది.

"ఇవ్వలేదేం?"

"దిగే చోటు దొరకలేదు సార్."

ఆయన డబ్బా విప్పి ఆమె వైపు జరిపారు. "అయితే మనమే తిందాం."

హిమజ ముందు మ్యాపు మీది గీత చెరపడానికి రబ్బరు తీసుకుంది. ఆ తరవాత కోవా.

మర్నాడు చుట్టుదారిలో, రెక్క కింద వంకాయతోట కనిపించింది. ఒక చేతిని క్షణంసేపు గుండె మీద పెట్టుకుని, మళ్లీ పనిలోకి దించింది.