ప్రజలెవరో తేల్చిన పల్లకీ

ఒకప్పుడు, ఏటికీ కొండలకూ నడుమ, పొన్నవరం అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని సింహకేతు మహారాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే ఎక్కడ పొగడ్త వినబడితే చెవులు రెండూ అటే తిరిగేవి.

ఒకనాడు పొరుగు దేశపు రాయబారి కొలువుకు వచ్చి, "మా దేశంలో రాజు మొదలు కూలివాడి దాకా అందరూ కట్టుబడే మూలశాసనం ఒకటి రాయించారు మా ప్రభువులు. వారి కీర్తి సముద్రాలు దాటిపోయింది" అన్నాడు.

ఆ మాట సింహకేతు మనసులో ముల్లులా దిగింది. మర్నాడే నలుగురు పెద్దలను పిలిపించాడు. మాగాణిలో సగం చేతిలో ఉన్న దొర వీరభూపతి, వర్తకుడు చింతామణి సెట్టి, సేనాపతి రణధీరుడు, ఆస్థాన పండితుడు విశ్వంభర శాస్త్రి.

"మన రాజ్యానికీ ఒక మూలశాసనం రాయండి. పొరుగువాడి దానికంటే పొడుగ్గా ఉండాలి!" అన్నాడు.

నలుగురూ రాజోద్యానంలో విడిది చేసి, పనస తొనలు తింటూ, నెల తిరక్కుండానే రాసేశారు. శాస్త్రిగారు నిండు కొలువులో గొంతెత్తి చదివారు.

"ప్రజలమైన మేము మాకోసం మేమే రాసుకున్న శాసనమిది! ప్రజలు కొలువుకు వచ్చి తమ మాట చెప్పవచ్చు. కాలువ నీరు మొదట ప్రజల పొలాలకే పారాలి. విచారణ లేకుండా ప్రజలను దండించరాదు. ప్రజలు కాలువల పూడిక తీయాలి, రాజుగారి పల్లకీ మోయాలి, యుద్ధం వస్తే ముందు నడవాలి..."

సభ అంతా ఆహా ఓహో అన్నది. అప్పుడు గన్నయ లేచాడు. ఈ గన్నయ పడవ నడిపేవాడి కొడుకు. మాట నేర్పుతో కొలువుకెక్కాడు గానీ, ఇప్పటికీ ఏటి ఒడ్డున ఒంటి నిట్టాడి పూరింట్లోనే ఉంటున్నాడు.

"శాస్త్రిగారూ, ప్రజలంటే ఎవరండీ?"

"అదీ రాశాం నాయనా. నూరు పుట్ల పంట పండే భూమి గానీ, రెండంతస్తుల మేడ గానీ ఉన్నవాడే ప్రజ."

"మరి మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళు ఉంటారు" అన్నాడు వీరభూపతి తాపీగా. "ఉండొద్దని మేమెక్కడ రాశాం?"

గన్నయ రాజువైపు తిరిగాడు. "ప్రభూ, ఇందులో పెద్ద లోపం ఉంది."

పొగడ్తల మధ్య ఈ మాట రాజుకు పంటికింద రాయిలా తగిలింది. "అయితే ఈ శాసనం చెక్కిన శిలను ఊళ్ళో నిలిపే రోజుకల్లా ఆ లోపం మా కళ్ళకు చూపించు. చూపించలేకపోయావో, కొలువూ ఊరూ రెండూ వదిలి పో!"

"చిత్తం. ఒక్క మనవి ప్రభూ. ప్రజ అన్న మాటకు ఒకచోట ఒక అర్థం, ఇంకోచోట ఇంకో అర్థం వస్తే పొరుగు రాజు నవ్విపోతాడేమో."

శాస్త్రి భగ్గుమన్నాడు. "నా రాతలోనా! మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకటే అర్థం!"

"ఆ ముక్క కూడా శిల మీద చెక్కించండి" అన్నాడు రాజు మీసం దువ్వుతూ. "దీన్ని మీరినవాడు ఎవడైనా సరే, మేమైనా సరే, దోషే. మా ఖడ్గం మీద ఆన!"

గన్నయ వంగి దండం పెట్టి, తిన్నగా పల్లకీ మోసే బోయీల వాడకు నడిచాడు. బోయీల పెద్ద జంగయ్య వాకిట్లో భుజానికి ఆముదం రాసుకుంటున్నాడు. గన్నయ కొలువులో జరిగిన సంగతీ, తన ఉపాయమూ చెప్పాడు.

జంగయ్య ఆముదం గిన్నె పక్కన పెట్టాడు. "అంటే రేపు మమ్మల్ని అడగాపెట్టకుండా కొట్టినా అడిగేవాడు లేడన్నమాట. సరే గానీ అయ్యా, నువ్వు చెప్పినట్టు చేస్తే మా వీపులు చిట్లవా?"

"చిట్లితే ముందు నాదే చిట్లాలి. మీ పక్కనే నడుస్తాను."

జంగయ్య భార్య పోలమ్మ లోపలి నుంచే అంది: "ఒప్పుకోవయ్యా! ప్రజలం కాకపోయినా మనుషులమేగా, కాస్త సరదా మనకూ ఉండాలి."

శిలను నిలిపే రోజు వచ్చింది. ఊరంతా మామిడి తోరణాలు. రాజు పల్లకీ ఎక్కాడు. వెనుక గుర్రాల మీద నలుగురు పెద్దలు. ఊరేగింపు గానుగల వీధి మధ్యకు వచ్చేసరికి బోయీలు పల్లకీని మెల్లగా నేలకు దించి, పక్కకు తప్పుకుని, చేతులు కట్టుకున్నారు.

"ఏమిటిది?" రాజు తెర తొలగించి గర్జించాడు.

జంగయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "శాసనం మీరలేం ప్రభూ. పల్లకీ మోయాల్సింది ప్రజలంట. మేం ప్రజలం కామంట."

"కాలువ పూడిక కూడా నిన్నటి నుంచి ఎవరూ తీయడం లేదు ప్రభూ" అన్నాడు గన్నయ వినయంగా. "పాపం, అందరికీ దోషులమవుతామని భయం."

"మరి పల్లకీ ఎవరు మోస్తారురా?"

"ప్రజలే మోస్తారు. అదిగో, గుర్రాల మీద వస్తున్నారు. నాలుగు కొమ్ములకు నలుగురు, సరిగ్గా సరిపోయారు!"

వీధి గొల్లున నవ్వింది. రాజుకు ఆన గుర్తొచ్చింది. ఇంత జనం ముందు మాట తప్పడమెలా? "మోయండి!" అన్నాడు పళ్ళు బిగించి.

మోశారు. సేనాపతి పొడగరి, సెట్టి పొట్టి, పల్లకీ ఒక పక్కకు ఒరిగింది. "ఓహోం ఓహోం అనాలి శాస్త్రిగారూ, అప్పుడే అడుగు కలుస్తుంది" అన్నాడు జంగయ్య. శాస్త్రిగారు రాగం తీశారు, సేనాపతి దౌడు తీశాడు, వీరభూపతి చెప్పు జారింది. రాజుగారి కిరీటం ముక్కు మీదికి దిగింది. గానుగ ముందు ఆరబోసిన తెలగపిండిలోకి పల్లకీ దబ్బున కూలబడింది.

సెట్టి ఒగరుస్తూ లేచాడు. "ప్రభూ, చిన్న మార్పు చేస్తే సరి! బరువులు అందరివీ, హక్కులు మాత్రం ప్రజలవీ అని చెక్కిస్తే..."

"అదే కదా మనం మొదట అనుకున్నది!" అన్నాడు వీరభూపతి.

రాజు తెలగపిండిలో కూర్చున్నచోటి నుంచే వాళ్ళిద్దరినీ తేరిపార చూశాడు. "ఓహో! మీ మనసులో ఉన్నది ఇదా? అందరి పేరూ పెట్టి మీ నలుగురి కోసం రాశారా?" తరువాత తన అంగరఖా చూసుకున్నాడు, ముక్కు మీది కిరీటం తడుముకున్నాడు. "పొడుగు ఎంతుందని అడిగాను గానీ, ఎవరి కోసమని నేనూ అడగలేదు" అని ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూసి భయం తీరి, వీధి వీధంతా నవ్వింది.

"జంగయ్యా, నువ్వయితే ఏం రాసేవాడివి?"

"నాకు రాత రాదు ప్రభూ. రాసేచోట మాకూ ఇంత చాప వేయండి, చాలు."

శిలను తిరగేసి, నున్నని వైపు పైకి పెట్టించాడు రాజు. ఆ వానకాలమంతా కొలువులో నేతవాళ్ళు, పడవవాళ్ళు, రైతులు, పోలమ్మ వంటి ఆడవాళ్ళు, ఆ పాత పెద్దలు కూడా చాపల మీద కూర్చుని పోట్లాడుకుంటూ రాశారు. పనస తొనలు మాత్రం అందరికీ పంచారు.

పని పూర్తయిన రోజున రాజు తన మెడలోని ముత్యాలహారం గన్నయ మెడలో వేసి అడిగాడు: "ఇంతకీ మా గురించి ఏం రాశారోయ్?"

"రాజు కూడా ప్రజలలో ఒకడే అని రాశారు ప్రభూ."

రాజు గడ్డం నిమురుకున్నాడు. "అయితే పల్లకీ మేమూ మోయాలా?"

"వంతు వచ్చినప్పుడు, ప్రభూ!"

కొలువు కూటం దద్దరిల్లేలా నవ్వాడు సింహకేతు. మర్నాటి నుంచి శ్రద్ధగా గుర్రపుస్వారీ నేర్చుకోసాగాడు.