పిడికెడు చౌడు

కట్టెలు ఆదా చేయాలని దివానుగారికి బుద్ధి పుట్టింది. "ఇసుకలో చౌడు రెట్టింపు వెయ్యి. తక్కువ మంటకే కరిగి, బేగి గాజవుతుంది" అని హుకుం వేశాడు.

ఊరవతల కొలిమి దగ్గర ఒంటరిగా బతికే గాజుల అంకాలు "చిత్తం" అంది. ఆ పాళ్లతోనే చెంబు చేసి రాజుగారికి పంపింది. నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి చెంబు లోపలంతా జిగటైపోయింది.

రాజు అంకాలును పిలిపించి నిలదీశాడు.

"దివానుగారి పాళ్లే ప్రభూ. మంటకు సులువుగా లొంగిన గాజు నీళ్లకూ లొంగుతుంది."

రాజు నవ్వి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

"మంటతో తప్ప మాట్లాడ్డానికి నాకెవరూ లేరు. ఒక్కసారి గాజు కరిగేదాకా దివానుగారిని నా దగ్గర కూర్చోమనండి."

దివాను వచ్చి ముళ్ల మీద ఉన్నట్టు కూర్చున్నాడు. "త్వరగా కానీ!"

"అలాగే దొరా" అంటూ అంకాలు ఓ పిడికెడు చౌడు తగ్గించి వేసింది.