మాణిక్యం తోమిన గులకరాళ్ళు

అనగనగనగా, గోదారి పాయ ఒడ్డున, లాంచీలు తిరగడం మానేసిన ఒక ఊళ్ళో మాణిక్యం అని ఒకావిడ ఉండేది. ఏమే, దుప్పటి సరిగ్గా కప్పుకో. కాళ్ళు ఆడించావంటే కథ ఇక్కడే ఆపేస్తాను, ఆనక నన్ననకు.

మాణిక్యానికి శుభ్రం పిచ్చి. ఆవిడ గడప కడిగిందంటే ఆ గడప మీద పెరుగన్నం కలుపుకు తినొచ్చు. శుక్రవారం వచ్చిందా, ఇల్లంతా తలకిందులే. బిందెలు, కుందులు, చెంబులు అన్నీ పెరట్లో పోసుకుని చింతపండు పెట్టి తోమేది. ఇత్తడిలో తన మొహం కనపడితే గానీ అక్కణ్ణుంచి లేచేది కాదు.

ఆ ఇంట్లో ఆవిడ మావగారు తాతారావు గారు ఉండేవారు. ఒకప్పుడు లాంచీ సరంగు. అంటే లాంచీ నడిపే ఆయనన్నమాట. పెళ్ళాం పోయిన దగ్గర్నుంచీ ఆయన మాట్లాడ్డం మానేశారు. కోపమా అంటే కాదు, జబ్బా అంటే కాదు. అన్నం పెడితే నాలుగు మెతుకులు కతికి లేచిపోయేవారు. మాణిక్యం తండ్రి లేకుండా పెరిగిన పిల్ల, ఈయన్నే తండ్రి అనుకుంది. ఇలా చూస్తూ చూస్తూ ఉండగానే ఈయన కూడా వెళ్ళిపోతారేమో అని ఆవిడకి లోపల్లోపల ఒకటే భయం.

అప్పుడు ఆవిడ తమ్ముడు ఒక గాజుతొట్టీ, మూడు చేపలూ తెచ్చిపెట్టాడు. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. అడుగున గులకరాళ్ళు, ఓ మూల నాచు మొక్క, నీళ్ళని స్పాంజిలోంచి లాగి వదిలే బుల్లి మోటారు.

మర్నాడు మాణిక్యం వంటింట్లో పప్పు ఎనుపుతోంది. ముందుగదిలోంచి గొంతు వినపడింది.

"ఎడమకి తిప్పు, ఎడమకి. ముందు ఇసకమేట ఉంది."

సరంగు గారు చేపలకి దారి చెబుతున్నారు. మాణిక్యం పప్పుగుత్తి పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది. సంతోషంతోనే లే.

ఆ తర్వాత శుక్రవారం వచ్చింది. ఇంకేముంది! చేపల్ని బేసిన్లో వేసి, తొట్టిలో నీళ్ళన్నీ కరివేపాకు మొక్కకి పోసి, గులకరాళ్ళని ఒక్కొక్కటే చింతపండు పెట్టి తోమింది. స్పాంజిని కుళాయి కింద పెట్టి పిండి పిండి ఉతికింది. తొట్టినిండా కొత్త కుళాయి నీళ్ళు పట్టింది. తొట్టి అద్దంలా మెరిసిపోయింది. చేపలు మాత్రం పైకి తేలి, నోళ్ళు తెరిచి గుటకలు వేయడం మొదలెట్టాయి.

అయ్యో, ఆకలేస్తోంది కాబోలు అనుకుంది మాణిక్యం. గుప్పెడు మేత వేసింది. అవి తినలేదు. మేత అడుక్కి దిగి కుళ్ళింది. అప్పుడు నల్లచేప పోయింది.

పాడు కళ్ళు పడ్డాయి అనుకుంది. ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని తొట్టికి దిష్టి తీసింది. చేపకి దిష్టేమిటే అని నవ్వకు, నీకు తీసినప్పుడు నువ్వు బుద్ధిగా కూర్చోలేదూ? దిష్టి తీసినా తెల్లచేప పోయింది.

శుభ్రం చాల్లేదు అనుకుంది. శుక్రవారం దాకా ఆగకుండా మళ్ళీ తోమింది. అప్పుడు ఎర్రచేప ఒక పక్కకి ఒరిగిపోయింది. సరంగు గారు చేపకి దారి చెప్పడం మానేశారు. కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం మాణిక్యం తొట్టి పక్కన చల్లటి గచ్చు మీద పడుకుని ఎర్రచేపనే చూస్తోంది. నీళ్ళ మీద ఎండ పడి, గోడ మీద వెలుగు ఊగుతోంది. ఊగీ ఊగీ ఆ వెలుగు ఆవిడ రెప్పల మీదకి వచ్చింది. అప్పుడు మాణిక్యం చిన్నదైంది. ఆవగింజంత అయింది. ఇంకా చిన్నదై, ఇంకా చిన్నదై, మెల్లిగా నీళ్ళలోకి దిగిపోయింది.

లోపల గులకరాళ్ళు కొండల్లా ఉన్నాయి. కొండలన్నీ నున్నగా, బోడిగా ఉన్నాయి. ఒక కొండ చాటున కొందరు బుల్లి బుల్లి మనుషులు, వరదకి ఇళ్ళు కొట్టుకుపోయినవాళ్ళలా ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒక ముసలమ్మ లేచి వచ్చింది.

"నువ్వేనా తల్లీ మమ్మల్ని తోమేది?" అంది.

"మీరెవరు?" అంది మాణిక్యం.

"రాళ్ళ మీద కాపురం ఉండేవాళ్ళం. కంటికి కనపడం. చేప విసర్జించిందీ, తినక వదిలేసిందీ కుళ్ళితే నీళ్ళు విషమవుతాయి. ఆ విషం మా కూడు. మేం తిని దాన్ని ఇంకో రకం చేస్తాం. అదీ విషమే. మా పక్క వీధివాళ్ళు దాన్ని తిని విషం విరిచేస్తారు. ఆ మిగిలింది నాచు తింటుంది. అప్పుడే చేప ఊపిరి పీల్చుకుంటుంది. రాయి మీద జిగురు చూసి నువ్వు మురికనుకున్నావు. అదే మా ఊరమ్మా."

మాణిక్యం తన చేతుల వంక చూసుకుంది. "కొత్త నీళ్ళు పోశాను కదా?" అంది.

"క్రిములు చావాలని కుళాయి నీళ్ళలో మందు కలుపుతారు. ఆ మందుకి మేమూ క్రిములమే."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ముసలమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. "వీటిని కాస్త ఊరికే ఉంచు. ఎదురింట్లో మా చుట్టాలున్నారు. వాళ్ళని పిలుచుకురా" అంది.

మాణిక్యం ఉలిక్కిపడి లేచింది. లేచి తిన్నగా ఎదురింటికి పోయింది. ఎదురింటి మార్తమ్మకీ ఒక చేపలతొట్టి ఉంది. పాచిపట్టి పచ్చగా ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా మాణిక్యం మూతి తిప్పుకునేది.

"వదినా, నీ తొట్టిలో రాళ్ళు గుప్పెడు ఇస్తావా? కడక్కుండా ఇయ్యి" అంది.

మార్తమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "కడక్కుండానా? అడుగుతున్నది నువ్వేనా మాణిక్యం?" అని నవ్వుతూనే గిన్నెలో తొట్టినీళ్ళతో సహా పోసిచ్చింది.

పాలల్లో తోడు వేసినట్టు ఆ రాళ్ళని తన రాళ్ళలో కలిపింది మాణిక్యం. మేత చిటికెడు కంటే ఎక్కువ వెయ్యలేదు. నీళ్ళు ముందురోజే బకెట్లో పట్టి, మందు వాసన పోయేదాకా ఉంచి, రోజూ కాసినే మార్చింది. స్పాంజిని తొట్టినీళ్ళలోనే జాడించి ఊరుకుంది.

ఆ తర్వాత శుక్రవారం వచ్చింది. చేతులు ఒకటే దురద! తోమిన బిందెనే మళ్ళీ తోముకుంది గానీ రాళ్ళ జోలికి పోలేదు. నీళ్ళు తెల్లగా మసకబారాయి. కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ తొట్టి కడగలేదు. ఇంకొన్నాళ్ళకి మసక విడిపోయింది. రాళ్ళ మీద సన్నటి జిగురు పట్టింది. ఎర్రచేప తిన్నగా లేచి, నాచు చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"కుడికి రా. నిదానంగా" అంది ముందుగదిలో గొంతు.

మాణిక్యం పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. సరంగు గారు తల తిప్పి ఆవిడ వంక చూశారు.

"అమ్మా మాణిక్యం" అన్నారు.

అత్తగారు పోయాక ఆయన ఆవిణ్ణి పిలవడం అదే మొదలు.

"మీ అత్తయ్య చీరలన్నీ ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టావు. మంచికే చేశావమ్మా, నీ తప్పేం లేదు. కానీ ఆ తర్వాత ఇంట్లో ఎక్కడ వెతికినా ఆవిడ వాసన దొరకలేదు. ఎవరితో ఏం మాట్లాడాలో తెలీలేదు" అన్నారు.

ఉతక్కుండా మిగిలిందేమైనా ఉందేమోనని మాణిక్యం గబగబా నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. ట్రంకుపెట్టె వెనక ఒక మూట దొరికింది. విప్పితే, అత్తగారు కుడుతూ కుడుతూ వదిలేసిన బొంత. సూది దానికే గుచ్చి ఉంది. కొబ్బరినూనె మరకలు, తాంబూలం మరకలు. కింద నీళ్ళబకెట్టూ సబ్బూ ఎదురుగానే ఉన్నాయి. మాణిక్యం వాటిని దాటుకుని వచ్చేసింది. సూది తీసి దాచి, ఆ బొంత తెచ్చి మావగారి ఒళ్ళో పెట్టింది.

ఆయన అందులో మొహం దాచుకున్నారు. ఆ తర్వాత మొహం ఎత్తి, "అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది" అన్నారు.

రాళ్ళ మీద ఊరుంది, ఊళ్ళో దీపం ఆరింది,
నాచు పక్కన చేపకి నిద్ర ముంచుకొచ్చింది.
కంచికెళ్ళిన కథకి కాళ్ళు నొప్పి పుట్టాయి,
ఇంటికొచ్చిన మనకి కళ్ళు మూతపడ్డాయి.