ఒంటి పోగు

దశరథం కొడుకు పుట్టి ఏడు వారాలైంది. పుట్టిన వారంలోనే కళ్ల పరీక్షకు పట్నం తీసుకురమ్మని కంటి డాక్టరమ్మ చెప్పిన మాట మాత్రం ఇంకా మాటగానే ఉంది. భార్య రజిత రోజూ అడుగుతోంది. అతను రోజుకో సాకు చెబుతున్నాడు. ఒకరోజు బడిలో తనిఖీ అన్నాడు, ఒకరోజు వాన అన్నాడు, ఒకరోజు బాబుకు జలుబు అన్నాడు.

అసలు సంగతి భయం. పోయినేడు అతని కూతురు హారిక మూడేళ్లకే కంటి క్యాన్సర్‌తో పోయింది. కంటిపాప తెల్లగా మెరుస్తుంటే ఏ నలుసో పడిందనుకున్నారు. తెలిసేసరికి అది కన్ను దాటి లోపలికి పాకింది. అప్పుడే డాక్టరమ్మ దశరథం ఎడమవైపు గాజు కన్ను చూసి, ఇదెప్పుడు పోయిందని అడిగింది. రెండేళ్లప్పుడు తుమ్మముల్లు గుచ్చుకుందని అతని తల్లి బతికున్నంత కాలం చెప్పేది. అతనూ అదే నమ్మాడు. నెత్తురు పరీక్ష చేయిస్తే ముల్లు కాదని, పాపకు వచ్చిన జబ్బేనని తేలింది.

"కణాలు హద్దు లేకుండా పెరగకుండా ఆపే జన్యువులు ఒంట్లో ఉంటాయండీ," అందామె. "ఒక్కోటి రెండేసి ఉంటాయి. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒకటి చెడినా రెండోది ఆపుతుంది. అదీ చెడితే ఆ కణాన్ని ఆపేది లేదు. మీకు పుట్టుకతోనే ఒకటి చెడి ఉంది, పాపకు అదే వచ్చింది. ఇంకో బిడ్డ పుడితే వాళ్లకూ రావడానికి సగానికి సగం అవకాశం ఉంది. పుట్టినప్పటి నుంచి కళ్లు చూస్తూ ఉంటే మొదట్లోనే పట్టుకోవచ్చు."

ఇంత చెప్పినా దశరథం చెవిలో ఒక్క ముక్కే మిగిలింది. పాపకు తన నుంచే వచ్చింది. ఇప్పుడు బాబు కళ్లలోనూ కనబడితే, రెండోసారి కూడా తనే ఇచ్చినట్టు.

అతను ఓదెలు గురువు దగ్గర పన్నెండేళ్లుగా అచల బోధ వింటున్నవాడు. కనిపించేదంతా లేనిదే అన్న ఆ బోధను భజన కూటాల్లో అతనంత కమ్మగా విప్పి చెప్పేవాడు చుట్టుపక్కల లేడు. ఆ నేర్పంతా ఇప్పుడు ఇంట్లో పెళ్లాం మీద ప్రయోగించడం మొదలుపెట్టాడు. లేని దేహానికి రోగమేమిటి, లేని రోగానికి పరీక్ష ఏమిటి అన్నాడు. రజిత బాబును భుజాన వేసుకుని అతన్నే చూస్తూ, "మన హారిక కూడ లేనిదేనా?" అని అడిగింది. అతను తింటున్న పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. కాళ్లు గురువు ఇంటిదారి పట్టాయి.

డెబ్బై దాటినా ఓదెలు పగలంతా నేస్తాడు. బోధ సాయంత్రానికే. దశరథం వెళ్లేసరికి గుంటమగ్గంలో కూర్చుని తువ్వాళ్ల గుడ్డ నేస్తున్నాడు. నిలువు పోగుల పడుగు గది పొడవునా అవతలి గుంజ దాకా చాచి ఉంది.

"అయ్యా," అన్నాడు దశరథం, నిలబడే. "దేహం లేనిదని మీరే చెప్తిరి. నా దేహంల పుట్టంగనే ఒకటి చెడిపోయి ఉన్నదని, నా బిడ్డను అదే తిన్నదని వాళ్లు చెప్తున్నరు. నేను ఎవల మాట పట్టుకోవాలె?"

ఓదెలు పోగులకు అడ్డంగా విసురుతున్న నాడె ఆపలేదు. "పడుగు పక్కకు కూసో బిడ్డా. ఆ ఎర్రంచు దగ్గర వేళ్లు పెట్టి చూడు."

దశరథం బడిపంతులైనా మగ్గమున్న ఇంట్లో పుట్టినవాడే. అతని వేళ్లకు వెంటనే తెలిసింది. జంట పోగులు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది.

"ఒంటి పోగున్నదయ్యా. దీనికి జత లేదు."

"నేను తెంపిన్నా?"

"లేదు. పడుగు చేసిన కాడనే పోయినట్టున్నది."

"నువ్వు తెంపినవా?"

దశరథం ఆ ఒంటి పోగును వేలితో మళ్లీ తడిమాడు.

"ఉన్న పోగు కింద వేలుంచు. నేను చెప్పేదాక తియ్యకు," అని గురువు నేత సాగించాడు.

గంట గడిచింది. వేలు తిమ్మిరెక్కింది. ఈ గదిలోనే హారిక ఈ పడుగు కిందే దూరి అటు నుంచి ఇటు పాకేది. పోగులు తెగుతాయని దశరథం కసిరితే, తెగితే అతుకుదాం పోనీయమని గురువు నవ్వేవాడు. అది తలపుకొచ్చి అతనికి ఏడుపు ఆగలేదు. ఎడమచేత్తో మొహం తుడుచుకున్నాడు. కుడిచేతి వేలు మాత్రం తీయలేదు.

ఉన్నట్టుండి వేలి మీద బిగువు పోయింది.

"తెగిందయ్యా."

మగ్గం ఆగింది. ఓదెలు గుంటలోంచి మెల్లగా లేచి వచ్చి, తెగిన కొసలు వెతికి పట్టుకుని, వేళ్లకు కాస్త బూడిద రాసుకుని అతికాడు. తర్వాత దశరథం చెయ్యి పట్టుకెళ్లి నేసిన గుడ్డ మీద ఉంచాడు.

"సందు పడ్డదా?"

"లేదు."

"ఎందుకు పడలే?"

"వేలు ఆడనే ఉండె గద, తెగంగనే తెలిసె," అన్నాడు దశరథం. అని, ఆ మాట దగ్గరే ఆగిపోయాడు.

చెయ్యి గుడ్డ మీద నుంచి తీయకుండానే, "గుడ్డ కూడ లేనిదే గదయ్యా," అన్నాడు. అందులో వాదించే బలం లేదు.

"లేనిదే," అన్నాడు ఓదెలు. "యాభై ఏండ్ల సంది దానికే అతుకులు వేస్తున్న."

దశరథం తల వంచుకున్నాడు. బాబును రేపే తీసుకుపోవాలని అతనికి తెలిసింది. కానీ లేవలేకపోయాడు.

"హారికకు ఎవ్వలం అట్ల వేలుంచకపోతిమి," అన్నాడు.

ఓదెలు అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"అప్పుడు మనకు తెల్వదు, దశరథం. ఇప్పుడు తెలుసు."