పన్నెండు చేతుల పసిబిడ్డ

రాముడు తెలివి పంచిపెట్టిన రోజున బూరెలపాడు పేరమ్మ ఇంటివాళ్ళు రెండోసారి కూడా వరసలో నిలబడ్డారట. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, వాళ్ళే చెప్పుకున్నది. "చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు ఈ ఊళ్ళో ఇంకోటుందా?" అని పేరమ్మ అడిగితే, మొగుడు కోటిలింగం, మరిది జోగులు "లేదు, లేదు" అని తలలూపేవారు. నవ్వకండి బాబూ, మాదీ ఆ వంశమే.

పేరమ్మకి ఒకటే కోరిక. సీతారామ కల్యాణంలో తలంబ్రాల పళ్ళెం ఒక్కసారైనా తన చేతులతో మొయ్యాలి. మొయ్యనిచ్చేదెవరు? కిందటేడు "పానకం చల్లబడాలి, కాసేపు నూతిలో ఉంచవే" అంటే, బిందెడు పానకమూ నూతిలో పోసొచ్చింది!

ఈ ఏడు దొరసాని రత్నాయమ్మగారు కబురంపారు. మేడ పైకప్పుకి వేలాడే షాండ్లియర్‌ని దింపించి చూపించారు.

"మా తాతగారు ఇటలీ నుంచి ఓడలో తెప్పించారే పేరమ్మా. నూట యాభై ఏళ్ళ నాటిది. గాజు కాదు, కొయ్య. ఆకులూ పువ్వులూ అన్నీ ఉలితో చెక్కినవే. పైన బంగారు రేకు. పన్నెండు కొమ్మలు, కొమ్మకో కొవ్వొత్తి. దుమ్ము దులిపి రేపు సాయంత్రం కల్యాణం పందిట్లో కట్టండి. చుక్క నీరు తగలకూడదు. పసిబిడ్డలా చూసుకోవాలి. ముహూర్తానికి అది వెలిగిందా, తలంబ్రాల పళ్ళెం నీదే!"

ఇంకేముంది! పేరమ్మ కాళ్ళు నేలమీద ఆనలేదు. బండి మీద దాన్ని ఇంటికి చేర్చారు.

"పసిబిడ్డకి ముందు ఏం చేస్తారే?" అన్నాడు కోటిలింగం.

"స్నానం."

"నీళ్ళు తగలకూడదన్నారుగా!"

"ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలీదూ? నీళ్ళు లేకుండా పోద్దాం."

అంతే. పేరమ్మ కాళ్ళు చాపుకు కూర్చుంది. మగాళ్ళిద్దరూ షాండ్లియర్‌ని ఆవిడ కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టారు. ఆముదం పట్టించి, సున్నిపిండితో నలుగు మొదలెట్టారు.

"వదినా, పచ్చపచ్చగా ఏదో రాలుతోందే!"

"పుట్టుమైల రా! గట్టిగా రుద్దు."

రుద్దగా రుద్దగా బంగారు రేకంతా ఊడి, దాని కింద పూసిన ఎర్రమట్టి బయటపడింది. పేరమ్మ మురిసిపోయి మెటికలు విరిచింది. "చూశావా, బిడ్డ ఎర్రగా బుర్రగా ఎలా తేలాడో! చేతులు లెక్కపెట్టు. పన్నెండు! సాక్షాత్తూ సుబ్రహ్మణ్యేశ్వరుడే!"

స్వామీ, తప్పు మాది కాదు, తెలివిది.

ఆపైన సాంబ్రాణి పొగ. ఎర్రనిది కాస్తా నల్లబడింది. పొత్తిగుడ్డలో చుడదామంటే పన్నెండు చేతులూ నిక్కి ఉన్నాయాయె. జోగులు ఒక చెయ్యి ముడిచాడు. ఫటుక్కుమంది!

"చంపేశావు కదరా!"

"బెణికింది వదినా, అంతే!" వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన రాసి కట్టు కట్టాడు. మిగతా చేతులకి ఏమీ కాకుండా పేరమ్మ అన్నిటికీ దిష్టి చుక్కలు పెట్టింది.

మర్నాడు సాయంత్రం పందిట్లో చీర ఉయ్యాల కట్టి, బిడ్డని అందులో పడుకోబెట్టారు. దొరసానమ్మగారు వచ్చారు, చూశారు, కుర్చీలో కూలబడ్డారు.

పంతులుగారు కంగారుపడ్డారు. "ముహూర్తం దగ్గర పడింది. ఏదో ఒకటి, కొవ్వొత్తులు వెలిగించండమ్మా!"

పేరమ్మ ఉయ్యాలకి అడ్డం నిలబడింది. "పసిబిడ్డ చేతిలో నిప్పు పెడతారటండీ ఎవరైనా?"

"మరి వెలగాలన్నారుగా, వెలక్కపోతే పళ్ళెం రాదే!" అన్నాడు కోటిలింగం.

పేరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళెం వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది. "రాకపోతే పోనీ," అంది. "కనీసం వచ్చినవాళ్ళకి బిడ్డ మొహమైనా కనబడాలి. దీపాలు పట్టండి."

ముగ్గురూ తలా ఒక లాంతరు ఎత్తి పట్టుకున్నారు. చెక్కిన ఆకుల సందుల్లో, సున్నిపిండి చేరలేని మూలల్లో, మిగిలిపోయిన బంగారం మిలమిల మెరిసింది. పందిరంతా "ఆహా" అంది.

దొరసానమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. ఏడుపో నవ్వో ఆ రాముడికే తెలియాలి. "వెలగాలన్నాను, వెలిగింది. మాటంటే మాటే. పళ్ళెం తీసుకోవే పేరమ్మా. స్వామి దగ్గరికి వెళ్ళేదాకా జాగ్రత్త! ఒక్క గింజ కింద పడకూడదు."

పేరమ్మ ఊపిరి బిగబట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ, ఒక్క గింజైనా జారకుండా మండపం చేరింది. పంతులుగారు దోసిలి చాచారు.

"ఏదమ్మా, తలంబ్రాలు పోద్దాం."

"పోస్తే కింద పడవూ?"

"పడతాయి మరి!"

అంతే. పేరమ్మ పళ్ళెం గుండెలకి హత్తుకుని పరుగు! వెనకాల పంతులుగారు, పంతులుగారి వెనకాల కోటిలింగం, జోగులు. ప్రదక్షిణం కాబోలనుకుని మేళగాళ్ళు గట్టిమేళం అందుకున్నారు. మూడు చుట్లు తిరిగాక పేరమ్మ ఆగింది. ఆయాసపడుతూ, మొహం వెలిగిపోతుండగా, పళ్ళెం తెచ్చి పంతులుగారి ముందు పెట్టింది.

"దారి దొరికింది పంతులుగారూ! ముందు సీతమ్మనీ రామయ్యనీ ఎత్తి ఈ పళ్ళెంలో కూర్చోబెట్టండి. అప్పుడు పోద్దాం!"